మత్తుకు కొలతలు

ఇనప గనులున్న కిరందుల్‌లో రాజేశ్వరరావు పేరు చెబితే కాంట్రాక్టర్లకి ఆకలి చచ్చిపోతుంది. గనుల కంపెనీ సివిల్ విభాగంలో బిల్లులు పాస్ చేసే కుర్చీ ఆయనది. కాలువ తవ్వినవాడు, కంచె వేసినవాడు, క్వార్టర్లకి సున్నం కొట్టినవాడు, ఎవడైనా సరే ఆయన టేబులు దగ్గరికి నిండు బిల్లుతో వచ్చి కోతపడ్డ బిల్లుతో వెళ్లాల్సిందే. కొలవని పనికి కాణీ కూడా ఇవ్వకూడదన్నది ఆయన పట్టుదల. టేపుకి ఒక కొస కాంట్రాక్టరు మనిషి, రెండో కొస కంపెనీ మనిషి పట్టుకుని కలిసి కొలవాలి. దాన్నే వాళ్ల భాషలో జాయింట్ మెజర్‌మెంట్ అంటారు. అది జరగకముందే ఎక్కడైనా సంతకం పెట్టాల్సి వస్తే, పైన ఇంగ్లిషులో 'జాయింట్ మెజర్‌మెంట్‌కు లోబడి' అని గిలికి మరీ పెట్టేవాడు. ముప్పై ఏళ్లు గిలికీ గిలికీ ఆ ముక్క ఆయన సంతకంలో ఒక భాగమైపోయింది.

ఇంత పులీ ఆఫీసు గేటు దాటగానే పిల్లి అయిపోతాడన్న సంగతి మాత్రం ఆయన భార్య రామతులసికి ఒక్కదానికే తెలుసు. గ్యాస్ బండ తెచ్చినవాడు పది రూపాయలు ఎక్కువడిగితే ఇరవై చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగుతావా అని అడిగే రకం ఆయన. సంతలో బేరాలు, కాలనీలో తగాదాలు, బస్సులో సీటు సంపాదించడం, అన్నీ ఆవిడ పద్దులోవే.

అలాంటి మనిషి కడుపులో రాళ్లు పుట్టాయి. "ముప్పై ఏళ్లు రాళ్ల కొండ కింద ఉద్యోగం చేసి ఒక్క రాయైనా ఇంటికి తేలేదనుకున్నాను. కడుపులో దాచుకున్నారన్నమాట" అని రామతులసి ఆటపట్టించింది గానీ, నొప్పితో ఆయన మెలికలు తిరిగిపోతుంటే ఆ సరదా ఎంతోసేపు నిలవలేదు. కంపెనీ వైద్యులు జగదల్‌పూర్‌లోని ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి రాసిచ్చారు. దాని పేరు చెప్పి ఉత్తపుణ్యానికి ప్రచారం చెయ్యడం ఎందుకు గానీ, అది కంపెనీ లిస్టులో ఉన్న హాస్పిటలే. కార్డు చూపిస్తే చాలు, ఖర్చంతా కంపెనీయే నేరుగా కట్టేస్తుంది. కార్డు చూపించారు. రాళ్లు తీయించుకున్నారు. రాళ్లని చిన్న సీసాలో వేయించుకుని మరీ ఇంటికి తెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి చారన్నం తింటూ ఆయన కాస్త తేరుకుంటున్న రోజుల్లో ఫోనొచ్చింది. హాస్పిటల్‌లో బిల్లింగ్ మేనేజరు దేవేంద్ర. మాట వెన్నపూస. "మేడమ్‌జీ, ఆపరేషన్ ఖర్చు కంపెనీ ఇస్తుంది, దాని గురించి చింత లేదు. మత్తు ఇచ్చిన డాక్టర్ సుమన్ మాత్రం మా హాస్పిటల్ మనిషి కాదు, బయటినుంచి వచ్చారు. మీ కంపెనీ ఒప్పందంలో ఆయన లేరు. ఆయన ఫీజు ముప్పై ఎనిమిది వేలు మీరే కట్టాలి" అన్నాడు హిందీలో.

రామతులసి ఫోను చెవి మార్చుకుంది.

"కడుపు కొయ్యడం లిస్టులో ఉంది గానీ నిద్రపుచ్చడం లేదా? నిద్రపుచ్చకుండా ఎలా కోస్తారు, కాళ్లూ చేతులూ పట్టుకునా?" అంది తనూ హిందీలోనే. కాలనీ హిందీ ఆవిడది. లింగం తప్పితే తప్పుతుంది గానీ గురి తప్పదు.

"రూల్ అలా ఉంది మేడమ్‌జీ" అన్నాడు దేవేంద్ర.

కంపెనీ మెడికల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, హాస్పిటల్ మా లిస్టుదే గానీ బయటి డాక్టరుతో మాకు సంబంధం లేదు, మీరూ మీరూ తేల్చుకోండన్నారు.

రామతులసి దగ్గర డబ్బు లేక కాదు. ఉంది. అదే ఆవిడ బాధ. కాలనీ ఆడవాళ్ల చీటీ పాడుకుని, ఇద్దరి పేర్నా ఉన్న ఖాతాలో ఈ మధ్యనే వేసింది. ఆ డబ్బుకి ముందే ఒక దారి ఏర్పరిచి పెట్టుకుంది. రాజేశ్వరరావు వచ్చే ఏడు రిటైరవుతాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అందరిలాగే ఆయనా విజయనగరం వెళ్లిపోదామంటున్నాడు. రామతులసికి అక్కడ మాట్లాడుకునే మనిషి లేదు. చీరలకి పట్టిన ఎర్ర దుమ్ము ఉతుక్కుంటూ, సంతలో తెలుగూ హిందీ, ఇక్కడివాళ్ల హల్బీ భాషా కలగలిపి బేరాలాడుకుంటూ ఆవిడ మనిషైంది ఇక్కడే. ఇంట్లో చేసి అమ్ముతున్న జంతికలు, చెగోడీలు, కందిపొడి బజారులో ఒక గది తీసుకుని పెద్ద ఎత్తున అమ్మితే, ఈ ఊళ్లో ఉండిపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. పూనం అనే ఆవిడ తన గది ఇస్తానంది. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టకపోతే సెల్‌ఫోన్ రిపేరువాళ్లకి ఇచ్చేస్తానని కూడా అంది. హాస్పిటల్ బిల్లు కడితే ఆ గది లేదు. గది లేకపోతే విజయనగరమే.

"కట్టేద్దామే తులసీ" అన్నాడు రాజేశ్వరరావు. "డాక్టర్లతో మనకెందుకు? కుట్లు చూపించుకోడానికి మళ్లీ అక్కడికే వెళ్లాలి."

"వెళ్తే ఏం చేస్తారు? కుట్లు విప్పి, రాళ్లు మళ్లీ లోపల పెట్టి కుట్టేస్తారా?"

ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. అదీ జరగొచ్చన్నట్టే ఉంది ఆయన వాలకం.

మర్నాడు దేవేంద్ర బ్రహ్మాస్త్రం వదిలాడు. ఆపరేషన్‌కి ముందు రాజేశ్వరరావు సంతకం పెట్టిన కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌కి పంపించాడు. 'బయటి డాక్టరు ఖర్చు నేనే భరిస్తాను' అని అచ్చులో ఉంది. కింద నిక్షేపంలాంటి సంతకం. బల్ల మీదికి తీసుకెళ్లబోతూ, ఒక సూది మందు అప్పటికే పొడిచి, ఆయన జోగుతుంటే పెట్టించుకున్న సంతకమది. రామతులసి రెండు వేళ్లతో ఆ ఫొటోని పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. సంతకం పైన, తాగినవాడి నడకలా వంకర్లు పోతూ, ఇంగ్లిషులో ఒక ముక్క ఉంది.

'జాయింట్ మెజర్‌మెంట్‌కు లోబడి.'

ఆవిడ వంటింటి గడప మీద కూలబడి నవ్వింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. ఏమైందోనని రాజేశ్వరరావు పొట్ట పట్టుకుని వచ్చి, ఫొటో చూసి సిగ్గుతో ఎర్రబడ్డాడు. "అలవాటుగా పడిపోయుంటుందే. ఇది మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"మనసులో ఎందుకు పెట్టుకుంటాను" అని ఆవిడ అప్పటికప్పుడే దేవేంద్రకి ఫోన్ కలిపింది. "మావారి సంతకం నిజమే బాబూ. షరతుతో సహా నిజమే. కొలతలు ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఏం కొలతలు మేడమ్‌జీ?"

"మత్తుకి కొలతలు. ఎంతసేపు పట్టించారు, ఎంత లోతుకి పట్టించారు. మీ తరఫున డాక్టరుగారు, మా తరఫున నేను. ఇద్దరం కలిసి కొలిస్తే తప్ప బిల్లు పాసవదు. సార్ రాశారు కదా, మీరు తీసుకున్నారు కదా."

దేవేంద్ర నవ్వాడు. అవతల నవ్వు వినపడకపోయేసరికి తనే ఆపేశాడు.

ఆ రోజునుంచి అతను ఫోన్ చేసినప్పుడల్లా రామతులసి దగ్గర కొత్త ప్రశ్న తయారుగా ఉండేది. ముప్పై ఏళ్లుగా భోజనాల దగ్గర మొగుడు కాంట్రాక్టర్లని ఎలా ఏడిపించాడో వింటూ వచ్చిన ఆడది, ఊరికే పోతుందా? "ఈ పనికి వర్క్ ఆర్డరు ఎవరిచ్చారు బాబూ? వర్క్ ఆర్డరు లేకుండా మా కాలనీలో తుప్ప కూడా కొట్టరే" అనేది ఒక రోజు. ఇంకో రోజు, "పని అయ్యాక ఆరు నెలలదాకా లోపాలకి కాంట్రాక్టరే బాధ్యుడు. మావారు నిన్న మధ్యాహ్నం వార్తలు చూస్తూ చూస్తూ నిద్రపోయారు. మీరు పోసిన మత్తు ఇంకా మిగిలిందంటే, కావలసినదానికన్నా ఎక్కువ పోశారన్నమాట. ఎక్కువ పోసినదాన్ని బిల్లులోంచి తగ్గించాలా వద్దా?" అనేది. దేవేంద్ర మాట వెన్నపూస నుంచి మజ్జిగకి, మజ్జిగ నుంచి వట్టి నీళ్లకి దిగింది. "మనిషి ఇంట్లోనే ఉన్నాడు, ఎక్కడికీ పోలేదు. డాక్టరుగారు వచ్చి ఇంకోసారి నిద్రపుచ్చితే దగ్గరుండి చూసుకుంటాను" అని ఆవిడ అన్న రోజున అతను బదులు చెప్పకుండా పెట్టేశాడు. పక్క క్వార్టరు భానుశ్రీ ఆ ఫోను వేళకి టీ కప్పు పట్టుకుని వచ్చి కూచోవడం అలవాటు చేసుకుంది. టీవీలో ఇంత బాగా రావడం లేదనేది.

చివరికి దేవేంద్ర లీగల్ నోటీసు పంపిస్తానన్నాడు. "పంపించు బాబూ, అందులో షరతు సంగతి కూడా రాయించు" అంది రామతులసి.

ఆవిడ ఆ మాట నవ్వుతూనే అంది. వెనక వాలు కుర్చీలో కూచున్న రాజేశ్వరరావు మాత్రం నవ్వలేదు. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు. ఆపరేషన్ అయిన కడుపు, అలాగే ఉంటుందనుకుంది ఆవిడ.

తర్వాత దేవేంద్ర ఫోను ఆగిపోయింది. గెలిచానని రామతులసికి సంబరంగానూ ఉంది, సాయంత్రాలు వెలితిగానూ ఉంది. అయినా బిల్లు రద్దు చేశామని ఎవరూ నోటిమాటగా కూడా అనలేదు. కుట్లు చూపించుకునే రోజున జగదల్‌పూర్ బయల్దేరుతూ, మొగుడి ఆఫీసు సంచిలోంచి కొలతల టేపు తీసి తన సంచిలో వేసుకుంది.

"అదెందుకే?" అన్నాడు రాజేశ్వరరావు.

"మీరు మాటతో కొలుస్తారా ఎప్పుడైనా?" అంది.

కుట్లు బాగా మానాయన్నారు. రామతులసి ఆయన్ని బెంచీ మీద కూచోబెట్టి, నర్సుని అడిగి డాక్టర్ సుమన్ ఎక్కడుంటాడో తెలుసుకుంది. ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య ఆయన క్యాంటీన్‌లో సమోసా తింటున్నాడు. కుర్రవాడే, కళ్ల కింద నిద్రలేమి. ఊరందరినీ నిద్రపుచ్చి తను మాత్రం నిద్రపోడేమో అనిపించింది ఆవిడకి. ఎదురుగా కూచుని, టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను రాజేశ్వరరావుగారి భార్యని. కడుపులో రాళ్లు, కిరందుల్. మీ పని కొలవడానికొచ్చాను."

డాక్టరు టేపునీ ఆవిడనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మొహం విప్పారింది. "ఆయనా? మత్తు దిగుతుండగా నర్సు చెయ్యి పట్టుకుని, గోడ వంకరగా కట్టావు, రేటు తగ్గించేస్తానన్నారు. ఆ అమ్మాయి ఇంకా చెప్పుకుని నవ్వుతోంది."

"ఆయనే. ఎంతసేపు నిద్రపుచ్చారు?"

"గంటన్నర ఉంటుంది."

"ఒప్పుకున్నాం. మావారు మళ్లీ లేచారు కాబట్టి పని నాణ్యతా ఒప్పుకున్నాం. ఇప్పుడు మీ ముప్పై ఎనిమిది వేల సంగతి చూద్దాం."

డాక్టరు చేతిలో సమోసా ఆగిపోయింది. "ఏ ముప్పై ఎనిమిది వేలు? నా డబ్బు హాస్పిటలే ఇస్తుందమ్మా. ఇచ్చేసింది కూడా. నాకిచ్చింది దీని దరిదాపుల్లో కూడా ఉండదు. మీ దగ్గర నాకేం రావాలి?"

రామతులసికి ఒళ్లంతా హాయిగా అనిపించింది. వేసవిలో కుండనీళ్లు తాగినంత హాయి. "అయితే ఒక్కసారి నాతో రండి. ఆ మాటే ఇంకోచోట అందురుగాని" అంది.

దారిలో మొగుణ్ణి కూడా పిలిచింది. ఆయన లేవలేదు. "ఇంక ఇంటికెళ్లిపోదాం తులసీ, బస్సు పోతుంది" అన్నాడు. చెయ్యి పట్టుకుని లేపింది. ముగ్గురూ కలిసి బిల్లింగ్ గదిలోకి వెళ్లేసరికి, ఇస్త్రీ చొక్కా నలక్కుండా కూచున్న దేవేంద్ర డాక్టరుని చూసి లేచి నిలబడ్డాడు. రామతులసి తాపీగా కుర్చీ లాక్కుని కూచుంది.

"కొలతలు అయ్యాయి బాబూ. గంటన్నర. డాక్టరుగారికి మేమేం ఇవ్వక్కర్లేదట. ఆయన నోటితోనే విను. మరి నువ్వు అడిగిన డబ్బు ఎవరిది?"

దేవేంద్ర రాజేశ్వరరావు వైపు చూశాడు. "ఇప్పుడీ చర్చ దేనికి మేడమ్‌జీ? సార్ మొన్ననే మొత్తం కట్టేశారు కదా. మీకు చెప్పొద్దన్నారని నేను ఊరుకున్నాను."

రామతులసి మొగుడి వైపు తిరిగింది. ఆయన తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఎక్కడిది డబ్బు?"

"మన ఖాతాలోదే."

"చీటీ డబ్బా?"

ఆయన తల ఊపాడు. రామతులసికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తను ఫోన్లో ఆడిన నాటకమంతా, వెనక కుర్చీలో ఈ మనిషి వింటూనే ఉన్నాడు. వింటూనే పోయి కట్టేశాడు. అక్కడ ఏడిస్తే దేవేంద్ర గెలిచినట్టవుతుందని ఏడవలేదు. "రసీదు ఇచ్చాడా?" అంది.

రాజేశ్వరరావు ఫోన్ తెరిచి చూపించాడు. ఆవిడ దాన్ని తీసుకెళ్లి డాక్టరు కళ్ల ముందు పెట్టింది. "డాక్టర్ సుమన్, మత్తు ఫీజు అని ఉందండీ. మీ పేరు మీద మా దగ్గర తీసుకున్నారట. మీకు ముట్టిందా?"

డాక్టరు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. కుర్రవాడు కదా, కోపం దాచుకోవడం ఇంకా రాలేదు. "నా పేరు మీదా?" అన్నాడు దేవేంద్రతో. "రేపు పన్నువాళ్లు వచ్చి నన్నడిగితే ఏం చెప్పను?"

"ఏదో క్లరికల్ పొరపాటు సార్, వచ్చే నెల సర్దుబాటు చేసేద్దాం."

"పైన ముగ్గురు పేషెంట్లు నా కోసం ఎదురుచూస్తున్నారు. ఈవిడ డబ్బు ఈవిడకి వెళ్లేదాకా నేను పైకి వెళ్లను. సర్జనుగారికి కారణం నువ్వే చెప్పు" అని డాక్టరు కూడా ఒక కుర్చీ లాక్కుని కూచున్నాడు. దేవేంద్ర ఒకసారి గోడ గడియారాన్నీ, ఒకసారి తలుపునీ చూసి కంప్యూటర్ ముందుకి జరిగాడు. అంత ఇస్త్రీ చొక్కా మనిషికీ చంకల కింద తడిసిపోయింది. కాసేపటికి రాజేశ్వరరావు ఫోన్ మోగింది. ఆయన చూసేలోపే రామతులసి లాక్కుని చూసింది. మొత్తం తిరిగొచ్చింది. వాళ్లు బయటికి వస్తుంటే, "ఇలా ఇంకెంతమంది దగ్గర తీసుకున్నావు?" అని డాక్టరు అడగడం వినిపించింది.

ఇంతటి గెలుపూ దారిలో ఉన్న గీదం ఊరి దాకా కూడా రాలేదు. బస్సులో రామతులసి కిటికీ వైపు తిరిగి కూచుంది. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి మాట్లాడకపోతే రాజేశ్వరరావుకి ఊపిరాడలేదు.

"నోటీసన్నాడే" అన్నాడు చివరికి. "పోలీసులు క్వార్టరుకి వస్తారేమో, రిటైరయ్యే ముందు మచ్చ పడుతుందేమో అనిపించింది. వాడు నాకు విడిగా ఫోన్ చేసేవాడు. భయపడ్డాను."

"ఆఫీసులో అంతమందిని గడగడలాడిస్తారు కదండీ."

"అక్కడ నేను కోసేది కంపెనీ డబ్బు తులసీ. ఎవడు తిరగబడినా నా వెనక కంపెనీ ఉంటుంది. ఇక్కడ నా వెనక ఎవరున్నారు?"

రామతులసి కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది. "నేను లేనా?" అంది.

కండక్టరు వచ్చి టిక్కెట్లు అడిగితే రాజేశ్వరరావు డబ్బిచ్చి, చిల్లర లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

"నా గది సంగతి?" అని అడిగింది, దంతెవాడ దాటాక.

"ఆ క్షణంలో గుర్తే రాలేదు."

అబద్ధం చెప్పినా బాగుండుననిపించింది ఆవిడకి. ఒక ఆడదాని ముందున్న బతుకంతా ఆ గదిలో ఉంటే, పక్కనే పడుకునే మనిషికి గుర్తు రాలేదు. కోపం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. కాకపోతే, నిజం చెప్పాడు. ఇన్నేళ్లలో ఆయన భయపడ్డానని నోరు తెరిచి చెప్పడం ఇదే మొదలని కూడా ఆవిడకి తోచింది.

కిరందుల్‌లో దిగాక ఇంటికి వెళ్లలేదు. నేరుగా బజారుకి నడిచింది. ఆయన వెనకాలే నడిచాడు. పూనం తన గది ముందు గుమ్మంలో కూచుని వెల్లుల్లి వలుచుకుంటోంది. "ఇంకొక్క రోజు చూసి వాళ్లకి ఇచ్చేద్దామనుకున్నాను దీదీ" అంది. రాజేశ్వరరావు తనే ఫోన్ తీసి అడ్వాన్సు పంపించాడు. పంపించి, ఆ ఫోన్‌ని భార్య చేతిలో పెట్టాడు.

"ఇక నీ దగ్గరే ఉంచుకో. నాకు నా మీద నమ్మకం లేదు."

రామతులసి దాన్ని మళ్లీ ఆయన జేబులోనే పెట్టింది. "ఫోన్ నాకెందుకు? భయం అందరికీ వేస్తుంది, నాకూ వేసింది. మీరు భయపడినందుకు కాదు, నాకు చెప్పకుండా భయపడినందుకు నా బాధ. ఈసారి భయమేస్తే ముందు నాకు చెప్పండి."

ఆయన తల ఊపాడు. గది షట్టరు పైకెత్తబోయి వంగాడు. రామతులసి ఆయన్ని భుజం పట్టుకుని పక్కకి జరిపింది.

"కుట్లు ఇప్పుడిప్పుడే మానాయి, మీరాగండి" అని తనే ఎత్తింది.